కాకికి బదులు వచ్చిన పట్టుచిమ్మట

కూర్మమ్మతో వాదనకు దిగి నెగ్గిన మనిషిని మలయాలోని మా సుంగై సుమున్‌లో నేనింతవరకూ చూడలేదు. ఓడినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళలో నేనూ ఉన్నాను. మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య ఒక మురుగు కాలువ, దాని మీద ఒక చెక్క. తమిళబడిలో పంతులుగా చేసి రిటైరైనవాణ్ణి, పళ్ళు గట్టిగానే ఉన్నాయి, వేరే పనీ లేదు. అందుకని రోజూ పొద్దున్నే ఆ చెక్క దాటి వెళ్ళి, ఆవిడ కర్రపెండలంతో చేసే కరకరలాడే కెరెపెక్ ఒక పొట్లం తెచ్చుకుంటాను. పొట్లంతో పాటు నాలుగు చివాట్లు ఉచితం.

ఆవిడ పుట్టింది ఇక్కడి ఎస్టేటు కూలీల ఇళ్ళ వరసల్లో, లైన్లంటామే, వాటిలోనే. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. మేనేజరు జీపు వస్తుంటే కూలి ఆడవాళ్ళు దారి దిగి గడ్డిలో నిలబడాలన్నది ఆ రోజుల్లో రివాజు. ఇంకా పెళ్ళి కూడా కాని కూర్మమ్మ ఒకనాడు దిగలేదట. జీపు ఆగింది, హారన్ మోగింది. "దారి ఎడల్పుగానే ఉన్నాది కదా, ఎల్లండి," అందట. చివరికి జీపే గడ్డిలోకి దిగి వెళ్ళింది. ఎస్టేటు చేతులు మారి లైన్లు పడగొట్టిన ఏడాది కూడా, అందరికన్నా ఆఖరున సామాను మూట కట్టింది ఆవిడే. ఈ సంగతులు ఆవిడ చెప్పినవి కావు, చూసినవాళ్ళు చెప్పినవి. ఆవిడకు తన గొప్ప చెప్పుకునే తీరిక లేదు, ఎదుటివాడి తప్పు చెప్పడంతోనే సరిపోతుంది.

భర్త కాంతయ్య దానికి పూర్తిగా ఎదురు. పామాయిలు తోటలో పొడుగాటి కర్రకు కొడవలి కట్టి గెలలు కోసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఇంటికొస్తే అరుగు మీద కూర్చుని గళ్ళ చొక్కా విప్పి మేకుకు తగిలించి, భార్య మాటలు వింటూ తలాడించేవాడు. వింటున్నాడో లేదో ఎవరికీ తెలియదు. సాయంత్రం ఒక గ్లాసు సారాయి ఉంటే చాలు, లోకంతో ఆయనకు తగాదా లేదు. లివరు పాడైందని డాక్టరు చెప్పాక కూర్మమ్మ ఆ గ్లాసు మాన్పించింది. సీసాలు కాలువలో ఒంపింది, అమ్మేవాడి ఇంటికి వెళ్ళి వాణ్ణి నిలబెట్టి కడిగేసి వచ్చింది. అయినా ఏడాది తిరక్కుండానే ఆయన పోయాడు. పోయే ముందు సాయంత్రం, "ఒక్క గుక్క పొయ్యవే," అని అడిగాడు. ఆవిడ పొయ్యలేదు. ఆ మాట ఆవిడ నోటి నుంచే అందరికీ తెలిసింది, ఎందుకంటే ఆవిడకు దాచుకోవడం రాదు.

పెద్దకర్మ ఆయన అన్న తాతబాబు చేతుల మీద జరిగింది. తాతబాబు ఉండేది దగ్గర్లోని రేవు ఊరు హుటాన్ మెలింటాంగ్‌లో. చేపల పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఆచారాల విషయంలో మాత్రం ఆయన్ని బాగుచేసేవాడు లేడు. ఇంటి వెనక గోడ మీద ఆకు వేసి, అన్నం, పప్పు, వేయించిన చేప, కాంతయ్యకు ప్రాణమైన ఉడికించిన కర్రపెండలం, దాని పక్కన నెత్తళ్ళు వేసి మిరపకాయలతో నూరిన కారం, సంబల్ పెట్టారు. అందరం దూరంగా నిలబడి "కా, కా" అని పిలిచాం. కాకి రాలేదు. వచ్చేందుకు కాకులేవి? వీధుల్లో ఎక్కువైపోయాయని కిందటేడు తుపాకులతో కాల్పించారు కదా. అన్నం ఎండిపోయేదాకా నిలబడ్డాం. మధ్యలో ఒక గోరింక వాలి చేప ముక్క మీద కన్నేస్తే, తాతబాబు కండువా విసిరి తరిమేశాడు. గోరింక తింటే లెక్కలోకి రాదట.

"కాకి ముట్టనేదు," అన్నాడాయన, అందరూ వినేట్టు. "తమ్ముడికి తృప్తి నేదు. ఎవుల మీదో కోపం ఉండిపోనాది."

ఎవరి మీదో అందరికీ తెలుసు. కూర్మమ్మ ఆరోజు ఒక్క మాట తిరిగి అనలేదు. అది చూసి నాకు భయం వేసింది. ఆవిడ మాటకు మాట అననిది ఆ ఒక్కరోజే. లోపలికి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుని, మంట లేని పొయ్యిని గొట్టంతో ఊదుతూ ఉండిపోయింది.

దీపాలు పెట్టే వేళకు వచ్చిందది. కూతురు మాధవి, నేను, తాతబాబు అందరం ఇంట్లోనే ఉన్నాం. కిటికీలోంచి లోపలికొచ్చి, ట్యూబులైటు చుట్టూ రెండు సార్లు తిరిగి, తిన్నగా పోయి మేకుకు వేలాడుతున్న కాంతయ్య గళ్ళ చొక్కా మీద వాలింది. అరచేతి కన్నా పెద్ద చిమ్మట. ఇటుక రంగు రెక్కలు, అంచుల్లో గులాబీ ఛాయ. ఒక్కో రెక్క మధ్య గాజు పలక బిగించినట్టు ఒక చిన్న కిటికీ, ఆ కిటికీలోంచి వెనకున్న చొక్కా గళ్ళు కనబడుతున్నాయి. చావు జరిగిన ఇంటికి పెద్ద చిమ్మట వస్తే పోయినవాళ్ళే వచ్చారని మా చుట్టుపక్కల చీనావాళ్ళు నమ్ముతారు, వాళ్ళను చూసి మేమూ నమ్ముతాం. నమ్మకాల దగ్గర మాకు పరాయి భేదం లేదు.

కూర్మమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. కాసేపు చూసింది. తరువాత బావగారి వైపు తిరిగింది. "సూడు బావా! కాకి రూపంల రానేదు, రెక్కలు కట్టుకుని ఆయనే ఒచ్చినాడు. ఇంట్లోకి ఒచ్చినాడు. నా మీద కోపమైతే నా ఇంటికి వత్తాడేటి?"

ఆవిడ ఒక పళ్ళెంలో కర్రపెండలం, సంబల్ పెట్టి చొక్కా కింద ఉంచింది. చిమ్మట ముట్టలేదు. "కారం ఎక్కువైనాదేమో," అని సంబల్ తీసేసింది. అప్పుడూ ముట్టలేదు. అయినా కూర్మమ్మ మొహంలో అన్ని రోజులుగా లేని వెలుగు వచ్చింది. కాకి చెప్పాల్సిన మాట చిమ్మట చెప్పేసింది, ఆవిడకు అది చాలు.

అది కొన్నాళ్ళు అలా చొక్కాను పట్టుకుని ఉండి చచ్చిపోయింది. ఆవిడ దాన్ని బిస్కట్ల డబ్బాలో దూది మీద పడుకోబెట్టింది. పోతూ పోతూ చొక్కా జేబు మీద గుడ్లు పెట్టింది, ఎవరో వరసగా జొన్నలు అతికించినట్టు. ఆ గుడ్లు చిట్లి నల్లటి పురుగులు వచ్చాయి. ఏమి పెట్టాలో తెలియక, వంటింటి పక్కన తలనూనె కోసం పెంచుకునే ఆముదం చెట్టు ఆకులు తెచ్చి వేసింది. అవి గబగబా తిన్నాయి. ఇక చూడండి, ఇంట్లో పిల్లలున్నట్టే హడావిడి. అన్నం మీద బోర్లించే వల బుట్టలన్నీ పురుగుల మీద బోర్లించింది. కూర గిన్నెల మీద ఈగలు, పురుగుల మీద బుట్టలు.

వీధిలో నవ్వినవాళ్ళు నవ్వారు. "పిచ్చెక్కినాది లా," అన్నవాళ్ళు అన్నారు. ఏ భాష మాట్లాడినా చివర ఒక 'లా' తగిలించడం ఇక్కడి అలవాటు. ఆవిడ వాళ్ళకు కెరెపెక్ అమ్మడం మానేసింది. రెండు రోజుల్లో నవ్వులు ఆగిపోయాయి.

సైబర్‌జయలో ఉద్యోగం చేసే మాధవికి మాత్రం ఇది తలవంపుగా ఉంది. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడ్డం మూడు ముక్కలే. సెలవుకు వచ్చి పురుగుల్ని చూసి, "అమ్మా, ఇదేటి లా? అసహ్యం!" అని ఫోనులో ఫొటోలు తీసి తీసుకెళ్ళింది. ఆ ఫొటోలు తన ఫ్లాటులో ఉండే ఇంద్రజకు చూపించింది. ఇంద్రజది పలాస. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చింది. శనాదివారాలు తెల్ల దుప్పటి కట్టి వెనక దీపం పెట్టి, దాని మీద వాలే చిమ్మటల ఫొటోలు తీయడం ఆ పిల్ల సరదా. ఎవరి పిచ్చి వాళ్ళకానందం. ఫొటోలు చూడగానే, "మీ అమ్మగారిని చూడాలి," అని ఆ వారమే బయల్దేరి వచ్చేసింది.

"నమస్తే ఆంటీ," అంది గుమ్మంలో.

"ఆంటీ ఏటి? మన తెలుగులు కావా? పిన్నీ అను," అంది కూర్మమ్మ. "చెప్పులు ఇప్పి లోపలికి రా. నా మొగుణ్ణి సూడ్డానికొచ్చినావంట."

ఇంద్రజ డబ్బాలోని చిమ్మటను చాలాసేపు చూసింది. ఫోనును అడిగితే అది అట్లాస్ చిమ్మట అని చెప్పింది. అట్లాస్ మాకందరికీ తెలుసు, మలయావాళ్ళు దాన్ని ఏనుగు సీతాకోక అంటారు. ఇంద్రజ మాత్రం తల అడ్డంగా ఊపింది. "అట్లాస్ అయితే దీనికి రెండింతలు ఉంటుంది పిన్నీ. రెక్క కొస పాము తలలా వంగి ఉంటుంది. దాని పురుగుల ఒంటి మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్ల పొడి ఉంటుంది. వీటికి లేదు చూడండి. కిటికీలున్నాయి కాబట్టి దానికి చుట్టమే. కానీ ఈ దేశపు చుట్టం కాదేమో అనిపిస్తోంది."

"ఈ దేశం కాకపోతే మరే దేశం?"

"దక్షిణ అమెరికా కావచ్చు."

కూర్మమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "మా ఆయన తైపింగ్ దాటి ఎల్లనేదు. దక్షిణ అమెరికా ఎప్పుడెల్లినాడు?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడ చూపు చూసి మింగేశాను. సంబల్ ముట్టని సంగతి కూడా ఆవిడే చెప్పింది, తన వాదనకు సాక్ష్యంగా, కారం తగ్గిస్తే బాగుండేదన్నట్టు. ఇంద్రజ మొహమాటపడుతూ, "ఈ రకంలో ఎదిగిన చిమ్మటలకి నోరు ఉండదు పిన్నీ," అంది. "పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే. రెక్కలొచ్చాక ఏమీ తినలేవు."

"నోరు నేదా?" కూర్మమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే కచ్చితంగా ఆయనే."

కానీ ఆ మాటలో పట్టు లేదు. నేను అంత దగ్గరగా ఉన్నవాణ్ణి కాబట్టి తెలిసింది. ఇది ఎక్కడి నుంచో ఎగిరొచ్చిన పరాయి చిమ్మట అయితే, ఆ సాయంత్రం ఆ ఇంటికి ఎవరూ రాలేదన్నమాట. కాకీ రాలేదు, ఆయనా రాలేదు. తాతబాబు అన్న మాటే మిగులుతుంది. ఒక్క గుక్క అడిగి, దొరక్క, ఆ కోపంతోనే పోయాడన్న మాట.

ఇంద్రజ ఫొటోల్ని చిమ్మటలు తెలిసిన బ్రెజిల్ మనిషి ఒకాయనకు పంపింది. మర్నాడే జవాబు వచ్చింది. ఇది తమ వైపు పట్టుచిమ్మటే, రోత్‌షైల్డియా అనే ప్రజాతిది, కానీ అందులో ఒకదాన్నొకటి పోలినవి చాలా ఉన్నాయి, రెక్కలు చూసి తేల్చలేను, పురుగులు ఏ ఆకు తింటున్నాయో చెప్పండి అన్నాడాయన.

"ఏ ఆకా? ఏసి సూద్దారి," అంది కూర్మమ్మ. పట్టుదల మళ్ళీ గొంతులోకి వచ్చింది. "ఈ ఊరి పురుగైతే ఈ ఊరి ఆకు తింతాది. తిన్నాదంటే నువ్వు ఓడిపోయినట్టే. ఒప్పుకుంతావా?"

ఇంద్రజ ఒప్పుకుంది. ఆవిడ వీధంతా తిరిగి ఆకులు దూసుకొచ్చింది. ఇక్కడ అట్లాస్ పురుగులు ఇష్టంగా తినే లక్ష్మణఫలం ఆకు, రంబుటాన్ ఆకు, దాల్చినచెక్క ఆకు. వాటి పక్కన మామూలుగా తింటున్న ఆముదం ఆకు. ఇంకొకటి కావాలని కాలువ గట్టున తన మళ్ళోంచి కర్రపెండలం కొమ్మ విరుచుకొచ్చింది. పళ్ళేనికి ఒక ఆకు చొప్పున పరిచి, పురుగుల్ని మధ్యలో వదిలి, కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంది. ఎలక్షన్ పెట్టెకు కాపలా ఉన్న పోలీసు కూడా అంత శ్రద్ధగా కూర్చోడు.

పురుగులు లక్ష్మణఫలం ఆకు మీదికి పాకాయి, తల ఆడించాయి, దిగిపోయాయి. రంబుటాన్ ఆకును వాసన చూసి వదిలేశాయి. దాల్చినచెక్క దరిదాపులకే పోలేదు. ఆముదం ఆకు మీద కొన్ని చేరాయి. మిగిలినవన్నీ కర్రపెండలం మీదికి ఎక్కి, ఆకు వేళ్ళను ఒక్కొక్కటే కొస నుంచి మొదలుదాకా నమిలేశాయి. చప్పుడు వినబడుతోంది, మెత్తటి వాన చప్పుడులా. ఎన్నో రోజులు బయట తిని ఇంటికొచ్చినవాడు అమ్మ వంట తిన్నట్టు తిన్నాయి.

ఆకు ఏదో తెలిశాక బ్రెజిల్ ఆయన పేరు పంపాడు. రోత్‌షైల్డియా అవురోటా. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడకుండా ప్రమాణం చేయలేను గానీ, ఆముదం, కర్రపెండలం రెండూ అంత ఇష్టంగా తింటోందంటే ఇదే అన్నాడు. ఇంద్రజ ఇంకో ముక్క చెప్పింది. "కర్రపెండలం కూడా అక్కడిదే పిన్నీ. ఎన్నో వందల ఏళ్ళ కిందట దక్షిణ అమెరికా నుంచి ఓడల మీద ఇటు వచ్చింది."

కూర్మమ్మ పళ్ళేన్ని దగ్గరికి లాక్కుంది. "అంటే ఇయ్యి తమ ఊరి కూడు గుర్తుపట్టినాయి," అంది.

ఇక మిగిలింది, ఇది సముద్రం దాటి ఇక్కడికెలా వచ్చిందన్నది. దానికి ఎంతో దూరం వెళ్ళనక్కర్లేకపోయింది. మా వెనక వరసలో కుగన్ అనే తమిళ కుర్రాడు ఉంటాడు. కుర్రాడంటే ముప్ఫై దాటాయి, ఫోన్ల దుకాణంలో పని, పెళ్ళి చేసుకోమంటే పురుగుల్ని పెంచుకుంటాడు. ఇంద్రజ వీధిలో వాకబు చేస్తోందని విని తనే తల దించుకుని వచ్చాడు. ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో పట్టుకాయలు కొన్నాడట. చిమ్మటలు బయటికొచ్చి, జత కట్టాక, ఆడది వల చిరుగులోంచి తప్పించుకుంది. అది పెద్దకర్మ రోజు సాయంత్రమే.

"మన్నిచ్చిరుంగ ఆంటీ," అని తమిళంలో క్షమాపణ అడిగాడు. "మర్నాడే వచ్చాను. మీరు దాని ముందు కూర్చుని అంకుల్‌తో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. ఎలా చెప్పను? చెప్పలేక వెళ్ళిపోయాను."

"నా మొగుణ్ణి నువ్వు ఆన్‌లైన్ల కొన్నావేట్రా!" అని కూర్మమ్మ అట్లకాడ ఎత్తింది. కొడుతుందనుకున్నాను. ఎత్తిన చెయ్యి అలాగే కాసేపు ఉండి కిందికి దిగిపోయింది. కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఆవిడ ఏడవడం నేను చూడలేదని చెప్పను, చూశాను. కాంతయ్య పోయిన రోజున కూడా అలా ఏడవలేదు.

ఇంద్రజ ఆవిడ పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. వ్యవసాయ శాఖ వాళ్ళకు చెప్పాలి, పురుగుల్ని ఉంచుకోకూడదు, ఇది ఈ దేశంలో ఉండాల్సింది కాదు, బయటి నుంచి వచ్చింది అంది. ఆ ఆఖరి మాట పడకూడని చోట పడింది.

కూర్మమ్మ తలెత్తింది. "బయటి నుంచి ఒచ్చినాదా? మా తాతా ఓడెక్కే ఒచ్చినాడు. లైన్లు పడగొట్టినప్పుడు ఆ కాంట్రాక్టరు నన్నడిగినాడు, నువ్వెక్కడి దానివి, మీ దేశం పోరాదా అని. ఇక్కడ పుట్టినాను, ఇక్కడే గెలలేరినాను, ఎక్కడికి పోతాను? అప్పుడాడికి సెప్పిన జవాబే నీకూ సెప్తాను!"

ఇంద్రజ లేచి నిలబడింది. "పిన్నీ, నేనన్నది..." అని ఆగిపోయింది. ఆ రెండూ ఒకటి కాదని నేను సర్దిచెప్పబోయాను.

"తెలుసు మాస్టారూ," అంది కూర్మమ్మ నా మాట కోసేస్తూ. "నాను మనిషిని, అయ్యి పురుగులు. మీరు పాఠం సెప్పకండి."

లేచి వెనక తలుపు తీసింది. కాలువ గట్టు పొడుగునా కర్రపెండలం. ముందు ఆవిడ మడి, తరువాత మాది, తరువాత భర్తలేని ఇద్దరక్కచెల్లెళ్ళది, అవతల ఒక మలయా ముసలాయనది, అలా వంతెనదాకా. ఆ వీధిలో సగం పొయ్యిలు ఆ ఆకుల కింద ఊరే దుంపల మీదే మండుతాయి. ఆవిడ అటు చూసింది, బుట్టల కింద పచ్చగా బలిసిన పురుగుల వైపు చూసింది. మళ్ళీ అటు చూసింది. ఆవిడ మనసులో ఏముందో నేను చెప్పలేను. మనిషి మీద ప్రేమ ఎక్కడైనా పెట్టుకోవచ్చు గానీ, దానికి మేత పక్కవాళ్ళ మడి కాకూడదని అనుకుని ఉంటుంది.

"ఆపీసోల్లు ఒచ్చి ముట్టుకోడానికి నేదు," అంది. "పెంచింది నాను. ఎలా సంపాలో సెప్పు."

ఐసుపెట్టెలో పెడితే చలికి నిద్రపోతాయని, బాధ ఉండదని ఇంద్రజ చెప్పింది. కూర్మమ్మ వాటిని ఆకులతో సహా ఒక్కొక్కటే తీసి డబ్బాలో పెట్టింది. "మీ తప్పు ఏటీ నేదర్రా," అంది వాటితో. డబ్బా ఐసుపెట్టెలో పెట్టి తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. తరువాత ఆఫీసు వాళ్ళు వచ్చి ఆ డబ్బా పట్టుకెళ్ళారు, కుగన్ వలలు పట్టుకెళ్ళారు, గట్టు వెంబడి ఆకులన్నీ తిరగేసి చూశారు. ఇంకెక్కడా పురుగు లేదన్నారు.

ఈ కబురు హుటాన్ మెలింటాంగ్ చేరడానికి ఎంతసేపు? మూడో నెల మాసికం దగ్గరపడుతుంటే తాతబాబు మోటారుసైకిలు మీద వచ్చాడు. ఆయన చెడ్డవాడని అనను. తమ్ముడంటే ప్రాణం. చెప్పడం మాత్రం తీర్పు చెప్పినట్టు చెబుతాడు.

"పురుగు నీ మొగుడు కాదంట కదా," అన్నాడు అరుగు మీద కూర్చుని. "నానెప్పుడో సెప్పినాను. ఇప్పుడైనా ఇను. మా రేవుకాడ చేపలు దించుతారు, కాకులు గుంపులు గుంపులు. మాసికం అక్కడ సేద్దాం. నువ్వు ఏటికేసి తిరిగి, తప్పైపోనాది, ఆఖర్న నీ నోరు తడపనేదు, నన్ను సెమించు అని ఒక్కమాట అను. ఆకు పెడదాం. కాకి ముట్టుతాది. తమ్ముడు సల్లబడతాడు, నీకూ మనశ్శాంతి."

నిజం చెప్పొద్దూ, ఒప్పుకుంటే బాగుండుననిపించింది నాకు. ఒక్క మాటతో పోయేదానికి ఇంత కష్టమెందుకు? రేవు కాకులు పెట్టిందల్లా తింటాయి. ఊరి నోరు మూతపడుతుంది. సెలవుకొచ్చిన మాధవి కూడా, "ఓకే లా అమ్మా, చేసేద్దాం," అంది.

కూర్మమ్మ వేయిస్తున్న మూకుడు దించింది. "చేపల పేగులు తినే కాకులకి నా మొగుడి కోపం గురించి ఏటి తెలుసు బావా? ఆకలైతే ఎవులు పెట్టినా తింతాయి. ఇక్కడే పెడతాను. ఇంటికాడే."

మాసికం రోజున వెనక గోడ మీద ఆకు వేశారు. అన్నం, పప్పు, చేప, కర్రపెండలం, ఈసారి కారం తగ్గించకుండా సంబల్. తాతబాబు మంత్రం చెప్పి పక్కకు తప్పుకున్నాడు. మేమంతా మళ్ళీ దూరంగా నిలబడ్డాం. కుగన్ కూడా వచ్చి మూల నిలబడ్డాడు. పిలిచాం. ఆకాశం ఖాళీగా ఉంది. ఎండ గోడ మీది నుంచి ఆకు మీదికి జరిగింది. తాతబాబు గొంతు సవరించుకున్నాడు, ఏమనబోతున్నాడో అందరికీ తెలుసు.

ఆయన అనేలోగా కూర్మమ్మ నడిచి వెళ్ళింది. గోడ మీది ఆకును రెండు చేతులతో తీసుకుని, తెచ్చి అరుగు మీద పెట్టుకుని, దాని ముందు కూర్చుంది. కర్రపెండలం ముక్క విరిచి సంబల్‌లో అద్ది నోట్లో పెట్టుకుంది.

ఎవరో ఆడమనిషి "ఓలమ్మో!" అంది. తాతబాబు ఒక్క అంగలో ముందుకు వచ్చాడు. "ఏటి సేత్తన్నావు? పోయినోడి ఆకు అది! నువ్వు తింతావా!"

"నానే తింతాను," అంది ఆవిడ నములుతూ. "ఆయన కంచంల మిగిలింది నలబై ఏళ్ళు నానే తిన్నాను. ఇయ్యాల కొత్తా?"

"కూర్మీ! ఆడికి కోపం..."

"ఉంటే ఉండనీ!" ఆవిడ గొంతు కాలువ అవతలికి వినబడింది. "నా మీద ఆయనకి కోపం రాకూడదా? మొగుడికి రాక నీకు వత్తాదా? ఆయన అడిగినాడు, నాను పొయ్యనేదు. పోస్తే ఆ రాత్రే పోతాడన్నారు డాక్టర్లు. ఇంకో పొద్దు బతుకుతాడేమో అనుకున్నాను, బతకనేదు. అంతే. మల్లీ లేచొచ్చి అడిగినా పొయ్యను. సెమించమని అడగను. ఆ మాట మా ఇద్దరిదీ. మద్దెల కాకి ఎవులు? చిమ్మట ఎవులు? నువ్వెవులు బావా?"

తాతబాబు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో, తమ్ముడు గుర్తొచ్చాడో. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అన్నాడు. "తృప్తి నేకపోతే ఆడు ఈ ఇంట్లోనే తిరుగుతాడే. పైకి పోలేడు."

"తిరగనీ బావా," అంది కూర్మమ్మ. "ఇల్లు ఆయందే."

తరువాత పక్కకు కాస్త జరిగి, అరుగు మీద చోటు చేసింది. "రండి, కూకోండి. సల్లారిపోతాది."